గంగవ్వ గోలీల డబ్బా

ముంబై కామాటిపుర పదమూడో గల్లీలోని ఆ పాత చాల్‌లో పొద్దున ఐదున్నరకు నల్లా వస్తుంది, ఏడింటికి పోతుంది. ఆ గంటన్నర సేపు రెండో అంతస్తు గ్యాలరీలో బిందెలకూ మనుషులకూ తేడా తెలియదు, అన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. గ్యాలరీ అంటే పద్నాలుగు ఒంటిగది ఖోలీల ముందు సాగే సన్నటి వరండా. ఒక చివర మెట్లు. రెండో చివర అందరికీ కలిపి నాలుగు సండాసులు. మధ్యలో తొమ్మిదో నంబరు ఖోలీ గడప పక్కన, పీట వేసుకుని కూర్చునేది గంగవ్వ.

గంగవ్వకు డెబ్బై రెండేళ్లు. పాతికేళ్లు బీడీలు చుట్టిన వేళ్లు ఇప్పుడు ఖాళీగా ఉండలేక మందు గోలీలు ఏరుతుంటాయి. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంటుంది. చాల్‌లో ఎవరికి జబ్బు నయమైనా మిగిలిన గోలీలు ఆ డబ్బాలోకి వస్తాయి. ఇంకెవరికైనా జబ్బు చేస్తే అందులోంచే పోతాయి. డాక్టరు ఐదు రోజులు వేసుకోమంటే మూడు రోజులు వేసుకుని, మిగిలినవి గంగవ్వ డబ్బాకు ఇచ్చేయడం ఆ గ్యాలరీలో పుణ్యం కింద లెక్క. గుడి హుండీలో కూడా ఎవరూ అంత నియమంగా వేయరు.

ఆ శుక్రవారం పొద్దున మూడో నంబరు పోచయ్య చెవి పట్టుకుని వచ్చాడు.

"గంగవ్వా, చెవుల ఒకటే సలుపు. ఏమన్న ఉన్నదా?"

"ఎర్ర గోలీ ఉన్నది, తెల్ల గోలీ ఉన్నది. నీకు ఏది పడ్తది?"

"పోయినసారి ఎర్రది పడ్డది."

"అయితె మల్ల అదే తీస్కో."

వైద్యం ఇంత సులువుగా జరిగిపోయేచోట డాక్టర్లు ఎలా బతుకుతున్నారో ఆ పైవాడికే తెలియాలి. కానీ గోలీ అందించిన గంగవ్వ చెయ్యి వణికింది. గడపలో నిలబడి తల దువ్వుకుంటున్న మనవరాలు సారిక అది చూసింది. దువ్వెన జుట్టులోనే వదిలేసి వంగి, ముసలామె మెడ మీద చెయ్యి పెట్టింది. ఒళ్లు కాలిపోతోంది.

"ఆజీ, నీకు తాప్ ఉన్నది. ఎప్పట్నుంచి?"

ఆజీ అన్నది మరాఠీ బడిలో నేర్చుకున్న పిలుపు. నాయినమ్మ అనమని గంగవ్వ చిన్నప్పుడు ఎంత పోరినా మారలేదు.

"తాప్ లేదు, గీప్ లేదు. పొయ్యి కాడ కూసున్న, గంతే."

"పొయ్యి కాడ అమ్మ కూసున్నది. నువ్వు గ్యాలరీల కూసున్నవ్."

లోపలి నుంచి సారిక తల్లి రత్నాబాయి గొంతు వినిపించింది. "రాత్రంత మూలిగిందే. నడుము పట్టేసిందంట, కుడి దిక్కు. అడిగితె చెప్తలేదు."

తండ్రి శంకర్రావు ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ఫోర్ట్ ప్రాంతంలో ఒక వకీలు ఆఫీసులో ప్యూన్ ఉద్యోగం ఆయనది. ముప్పై ఏళ్లుగా వకీళ్ల మధ్య తిరగడం వల్ల ఆయన ఇంట్లో కూడా సాక్ష్యం లేకుండా ఏదీ ఒప్పుకోడు.

"మా అమ్మకు నెలకోసారి ఏదో ఒకటి. పోయినసారి గూడ గిట్లనే మూలిగింది. ఏమైంది? రిపోర్ట్ క్లీన్."

సారిక జుట్టులోని దువ్వెన లాగి మళ్లీ గబగబా దువ్వుకుంది. ఆ రిపోర్టు తెచ్చింది తనే.

బైకుల్లా దగ్గర ఒక ల్యాబులో, కల్చర్ సెక్షన్‌లో పని చేస్తుంది సారిక. ఉచ్చ, రక్తం, పుండులోని చీము, ఏది వచ్చినా అందులోని క్రిముల్ని పళ్లెంలో పెంచి, అవి ఏ మందుకు చస్తాయో ఏ మందుకు చావవో తేల్చే చోటు అది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఆ చాల్‌లో తెల్లకోటు వేసుకుని పనిచేసే మొదటి మనిషి. గంగవ్వ ఆ తెల్లకోటును ఎవరినీ ముట్టనివ్వదు. తనే ఉతికి, గ్యాలరీలో అందరికీ కనపడేచోట ఆరేస్తుంది.

మూడు వారాల క్రితం గంగవ్వకు ఉచ్చ పోసేటప్పుడు మంట మొదలైంది. ఆమె ఎవరికీ చెప్పకుండా నీళ్లు తాగడం తగ్గించింది. తాగితే పోవాలి. పోవాలంటే గ్యాలరీ చివరిదాకా, బకెట్లు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ల ముందు నుంచి రోజుకు పదిసార్లు నడవాలి. ఆ చాల్ ఆడవాళ్లంతా ఇలాగే దాహం చంపుకుని బతుకుతారు. చివరికి రత్నాబాయి కనిపెట్టి కూతురికి చెప్తే, సారిక మూత బిగించిన చిన్న సీసా తెచ్చి, మర్నాడు పొద్దున పట్టి ఇమ్మంది. గంగవ్వ ఆ సీసాను కొంగు కింద దాచుకుని, గోడవారగా నడిచి వెళ్లి తెచ్చింది.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. క్రిములేవీ పెరగలేదు. సారిక నవ్వుకుంటూ ఇంటికి వచ్చి, "ఆజీ, నీకేం లేదు. ఏక్‌దమ్ క్లీన్. నీళ్లు తాగు, బస్" అంది.

గంగవ్వ ముఖం చేటంత అయింది. "క్లీనా? మీ మేడమ్ గూడ చూసిందా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ తర్వాత ఆమె మూలిగినప్పుడల్లా శంకర్రావుకు ఒకటే మాట, రిపోర్ట్ క్లీన్. సారిక కూడా ఒకసారి, ఒక్కసారే, పనిలో అలిసిపోయి వచ్చి ఆ మాట అనేసింది. గంగవ్వ ఇంక పగలు మూలగడం మానుకుంది. మొన్న బుధవారం దుప్పట్లోంచి వాసన వస్తోందని తల్లి చెబితే, సారిక మళ్లీ సీసా ఇచ్చి, అప్పటికప్పుడే పట్టించి తనతో ల్యాబుకు తీసుకెళ్లింది. ఆ సీసా ఫలితం ఈ పొద్దున రావాలి.

"పన్నెండు లోపల ఫోన్ చేస్త. అప్పటిదాంక పండుకో ఆజీ" అని చెప్పి సారిక బస్సు కోసం పరుగెత్తింది.

ల్యాబులో పళ్లెం మూత తీసి చూడగానే ఆమె మీది పేరు చీటీ రెండోసారి చదివింది. పళ్లెం నిండా క్రిములు పాలమీద మీగడ కట్టినట్టు పరుచుకుని ఉన్నాయి. వాటి మీద గుండీలంతేసి కాగితపు బిళ్లలు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు పెరగక ఖాళీ చక్రం ఏర్పడుతుంది. ఆ చక్రాన్ని కొలిచి, చాలినంత పెద్దదైతే ఎస్ అని రాస్తారు, లొంగుతుందని. లేకపోతే ఆర్, లొంగదని. రోజూ నలభై పళ్లేలు చూసే కళ్లకు ఈ పళ్లెంలో చక్రాలు వెతుక్కోవలసి వచ్చింది. పదహారు మందుల్లో పదమూడింటికి ఆర్. మూడింటికే ఎస్. అందులో రెండు ఇంజెక్షన్లు, ఒకటి గోలీ.

అప్పుడే, తల్లికి జ్వరం పెరగడంతో ఆఫీసుకు పోకుండా ఆగిపోయిన తండ్రి ఫోన్ చేశాడు. "వచ్చిందా?" అని అడిగితే, తొందరలో ఆ రిపోర్టు ఫోటో తీసి పంపేసింది. పంపి, తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్లింది. ముందు వెళ్లి తర్వాత పంపవలసింది.

సీమా మేడమ్ ఆ సెక్షన్‌కు పెద్ద డాక్టరు. రిపోర్టు చూసి మరాఠీలో అడిగింది. "పేషెంట్ ఎలా ఉంది?"

"జ్వరం, వణుకు. కుడివైపు నడుములో నొప్పి."

"అయితే ఈ మూడో ఎస్‌ను మర్చిపో. ఈ గోలీ మూత్రసంచిలోనే పనిచేస్తుంది. కిడ్నీలోకి, రక్తంలోకి చాలినంత చేరదు. పళ్లెంలో చక్రం ఎంత పెద్దగా ఉన్నా ఇక్కడ అది లేనట్టే. నరంలోకి ఇంజెక్షన్ పడాలి, ఈరోజే ఆస్పత్రిలో చేర్చాలి." మేడమ్ కంప్యూటర్‌లో పాత రిపోర్టు తీసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "మూడు వారాల కింద చీము కణాలు విపరీతంగా ఉన్నాయి. క్రిమి మాత్రం ఒక్కటి లేదు. ఇలా వస్తే మొదట ఏం అనుమానించాలి?"

"ముందే ఏదైనా మందు పడిందేమో అని."

"ఫారంలో 'ఇంతకు ముందు మందు వాడారా' అన్న గడిలో 'లేదు' అని ఉంది. ఎవరు అడిగారు?"

"ఆమె మా ఆజీ, మేడమ్."

"ఎవరని అడగలేదు. ఆమెను ఎవరు అడిగారు?"

సారిక ఆ గడిలో తను రాసిన 'లేదు' వైపు చూసింది. మేడమ్ "కింద సంతకం నాదే. నేనూ ఆ గడిని నమ్మాను" అని మెల్లగా అంది. ఇంతలో సారిక చేతిలో ఫోన్ మోగింది. అవతల రత్నాబాయి ఏడుస్తోంది.

"జల్దీ రావే. అత్తమ్మ కక్కుకుంటున్నది. పండ్లు గొట్టుకునేటట్టు వణుకుతున్నది. మీ పప్పా ఏదో గోలీ తెచ్చిండు."

"నేనొచ్చేదాంక ఎయ్యనియ్యకు" అని చెప్పి సారిక టాక్సీ ఎక్కింది. ఆమె మెట్లెక్కేసరికి తొమ్మిదో నంబరు ఖోలీ ముందు అరడజను మంది మూగి ఉన్నారు. లోపల ఫ్యాను ఆపేసి, అంత ఉక్కలో గంగవ్వ మీద రెండు బొంతలు కప్పారు. ఆ బొంతలు కూడా ఎగిరెగిరి పడుతున్నాయి. శంకర్రావు ఒక చేత్తో నీళ్ల గ్లాసు, ఒక చేత్తో గోలీ పట్టుకుని తల్లి తల పైకెత్తుతున్నాడు.

"ఆగు పప్పా! అది ఎయ్యకు."

"ఎందుకు ఎయ్యొద్దు?" శంకర్రావు తల తిప్పలేదు. "నువ్వే గదా పంపినవ్. ఎస్ అని రాసుంది. మెడికల్ షాపుల హితేష్ భాయ్ గూడ చదివిండు. మూడిట్ల రెండు సుయ్యిలు, ఒకటి గోలీ. గోలీ ఉండంగ సుయ్యెందుకు, దవఖాన ఎందుకు?"

"ఆ గోలీ ఉచ్చ సంచి దాంకనే పనిజేస్తది. ఆజీకి కిడ్నీల దాంక ఎక్కింది. ఆడ ఇది ఎక్కది."

"మరి ఎస్ అని ఎందుకు రాసినవ్?"

"పళ్లెంల ఎస్, పప్పా. పళ్లెంల కిడ్నీ ఉండదు."

"గిదేం చదువే నీది?" శంకర్రావు గ్లాసు నేల మీద టక్కున పెట్టాడు. సగం నీళ్లు ఒలికిపోయాయి. "మూడు వారాల కింద గీ గడపల్నే నిలవడి ఏమన్నవ్? ఏం లేదు, క్లీన్ అన్నవ్. నీ మాట నమ్మి మా అమ్మను నేను నాటకాలమ్మ అన్న. ఇయ్యాల మందు ఉన్నదని కాయితం పంపినవ్. ఆ మందు తెస్తె ఎయ్యొద్దంటవ్. ఏ మాట నమ్మాలె నేను?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈ చెట్టు నీడలోనే ఒకసారి పాము కరిచినంత పనైంది కాబట్టి శంకర్రావును తప్పుపట్టడానికీ లేదు.

బొంతల కింది నుంచి గంగవ్వ సన్నగా అంది. "నన్ను దవఖానకు తీస్కపోకుండ్రి. నా కొడుకు చేతుల పోత."

"విన్నవా?" శంకర్రావు కూతురి వైపు తిరిగాడు. "మా నాయినను గీ మెట్ల మీదికెల్లే కుర్చీల కూసోవెట్టి దింపినం. నాలుగు దినాలల్ల వస్తడన్నరు. మల్ల మెట్లెక్కిండా? చెప్పు, ఎక్కిండా?"

సారిక ఆజీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మేడమ్ అడిగిన ప్రశ్న దారి పొడుగునా ఆమె చెవిలో గింగురుమంటూనే ఉంది.

"ఆజీ, ఇటు చూడు. మొదటిసారి సీసా ఇచ్చినవ్ గదా, దానికి ముంగట ఏమన్న గోలీ ఏసుకున్నవా?"

గంగవ్వ కళ్లు మూసుకుంది. మూసుకునే ముందు ఒక్క క్షణం ఆ కళ్లు గడప పక్కనున్న రేకు డబ్బా వైపు పోయాయి. అత్తగారి చూపును ఇరవై ఎనిమిదేళ్లుగా చదువుతున్న రత్నాబాయి లేచి డబ్బా తెరిచింది. ఏరి ఏరి ఒక గోలీల పత్తా బయటికి తీసింది.

"అత్తమ్మా, ఇది పోయినేడు మంటకే గల్లీ డాక్టర్ రాసిచ్చింది గదా? ఆరు మిగిలినయని నువ్వే డబ్బాల ఏసినవ్. ఇప్పుడు రెండే ఉన్నయ్."

"ఏసుకున్న" అంది గంగవ్వ కళ్లు తెరవకుండానే. "ముందటి దినం రెండు. పొద్దుగాల సీసా పట్టేటప్పుడు ఒకటి."

"ఎందుకు ఆజీ?"

గంగవ్వ గోడవైపు తిరిగి పడుకుంది.

సారిక లేచి నిలబడింది. గడప అవతల పోచయ్య, పక్క ఖోలీల ఆడవాళ్లు, అందరూ చూస్తూనే ఉన్నారు. ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి ఆమెకు దారి ఉంది. ముసలామె దాచిందని అంటే సరిపోయేది. ఎవరూ కాదనరు.

"పప్పా, తప్పు నాది. ఫారంల ఒక గడి ఉంటది, ముందుగాల మందు ఏసుకున్నరా అని. దినాం నలభై మందిని అడుగుతం. ఆజీని అడగలే. మనింటి మనిషే గదా, నాకు తెల్వదా అని 'లేదు' అని రాసేసిన." ఆమె తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది. "ఆ మూడు గోలీలకు బలం లేని క్రిములు చచ్చినయి. పళ్లెంల ఏం మొలువలే. బలమున్నయి లోపల్నే ఉండి, ఈ మూడు వారాలు పెరిగినయి. నేనేమో నవ్వుకుంట వచ్చి క్లీన్ అని చెప్పిన. ఆజీ మూలిగితె నేను గూడ కసురుకున్న."

"అంటే..." శంకర్రావు మాట వెతుక్కున్నాడు. "మా అమ్మ గిట్లయింది నీ వల్లనా?"

"అవ్. నా వల్లనే. నన్ను తిట్టు పప్పా, జిందగీ అంత తిట్టు. గని ఇప్పుడు ఆజీని లేపు. ఒక్కసారి అడగక తప్పుజేసిన. అన్నీ తెలిసి ఇప్పుడు ఊకుంటె అది తప్పు గాదు, పాపం."

శంకర్రావు చేతిలోని గోలీ వైపు చూశాడు. వదలలేదు. అప్పుడు రత్నాబాయి మాట్లాడింది. ఆ ఇంట్లో ఆమె మొగుడికి ఎదురు మాట్లాడటం ఎవరూ ఎరగరు. జాకెట్లు కుట్టే మిషను చప్పుడే ఆమె గొంతు అనుకుంటారు.

"మామను ఎన్నో దినం తీస్కపోయినం?"

"ఏంది?"

"దవఖానకు. ఎన్నో దినం తీస్కపోయినమయ్యా? పదో దినం. పది దినాలు తాప్ తోని ఉంటె గీ డబ్బాల గోలీలే ఏసినం. దినానికో రంగుది. నేనే ఏసిన, గీ చేతులతోని." ఆమె పత్తాను పిడికిట్లో నలిపేసింది. "పదేండ్ల సంది దవఖాన చంపింది, దవఖాన చంపింది అంటున్నవ్. నేను విని ఊకుంటున్న. దవఖాన గాదు."

గ్యాలరీలో ఎవరో దగ్గారు. శంకర్రావు తల్లి ముఖం వైపు చూశాడు. గంగవ్వ పెదవులు నల్లబడుతున్నాయి. ఆయన గోలీని కిటికీలో పెట్టి, వంగి, తల్లిని బొంతలతో సహా ఎత్తుకున్నాడు.

"కుర్చీ తేపోండ్రి" అన్నాడు ఎవరితోనో. పోచయ్య అప్పటికే తన ఖోలీలోంచి కుర్చీ తెస్తున్నాడు. చెవిలో దూదితో, కుర్చీ ముందు కాళ్లు తనే పట్టుకుని, "మెల్లగ, మెల్లగ" అంటూ ఇరుకు మెట్ల మీద వెనక్కి వెనక్కి దిగాడు. ఒక్కో మలుపులో శంకర్రావు పళ్లు బిగబట్టడం సారిక చూసింది. ఆయన తల్లిని మోయడం లేదు, తండ్రిని రెండోసారి దింపుతున్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టరు సారిక ఇచ్చిన రిపోర్టు చదివాడు, రక్తపోటు చూశాడు. "ఇంకో పూట ఆగుంటే మా చేతుల్లో ఉండేది కాదు" అని, రెండు ఇంజెక్షన్లలో ఒకదాన్ని ఎంచి, దానికంటే ముందు రక్తం తీసి కల్చర్‌కు పంపమన్నాడు. నర్సు ఫారం తెచ్చి సారిక చేతికి ఇచ్చింది.

పేరు రాసింది. వయసు రాసింది. ఆ గడి వచ్చింది. ఇంతకు ముందు మందు వాడారా? కలం కాగితం మీద ఆనింది. మొన్నటి నుంచి అయితే ఆజీ ఏమీ వేసుకోలేదు, తను చూస్తూనే ఉంది కదా. మూడు గోలీల సంగతి ఇందాకే తేలింది కదా. కానీ ఆరులో రెండు మిగిలాయని అమ్మ అంది. సారిక కలం ఎత్తేసి స్ట్రెచర్ దగ్గరికి పరుగెత్తింది.

"ఆజీ, నాలుగో గోలీ ఏది?"

గంగవ్వ కళ్లు సగం తెరిచింది. "ఇయ్యాల పొద్దుగాల. నువ్వు తల దువ్వుకుంటున్నప్పుడు."

సారిక ఆ గడిలో 'అవును' అని రాసి, మందు పేరు, వేసుకున్న గంట కూడా రాసింది. రాస్తుంటే కన్నీళ్లు ఫారం మీద పడ్డాయి. నర్సు చూసి ఏమీ అనకుండా ఇంకో ఫారం ఇచ్చింది.

మూడు రోజులు ఎవరూ సరిగా తినలేదు. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. శంకర్రావు వార్డు బయట బెంచీ మీద ఒక చివర, సారిక ఇంకో చివర. ఆయన కూతురితో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. మూడో రోజు సాయంత్రం జ్వరం నూటికి దిగి, అక్కడే నిలబడింది. శంకర్రావు కిందికి వెళ్లి రెండు అరగ్లాసు కటింగ్ చాయ్‌లు తెచ్చి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

"తాగు. చల్లారుతది."

అంతే అన్నాడు. కానీ ఈసారి బెంచీ మధ్యలో, ఆమె పక్కన కూర్చున్నాడు.

నాలుగో రోజు పొద్దున గంగవ్వ దిండుకు ఆనుకుని కూర్చుంది. రత్నాబాయి జొన్న గట్క తెచ్చి తినిపిస్తుంటే మొదటి మాట డబ్బా గురించే అడిగింది.

"నా డబ్బా ఏది?"

"దాంట్ల నా గుండీలు ఏసుకున్న అత్తమ్మా."

"అయ్యో, పోచయ్య చెవికి మరి?"

"పోచయ్య చెవి డాక్టర్ దగ్గరికి పోయింది. పోచయ్య గూడ దాని ఎంబడి పోయిండు."

శంకర్రావు నవ్వబోయి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సారిక ఆజీ చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది. నాలుగు రోజులుగా అడగాలనుకుంటున్నది ఇప్పుడు అడిగింది.

"ఆజీ, సీసా ఇచ్చే ముంగట గోలీలు ఎందుకు ఏసుకున్నవ్? మంట ఓర్వలేకనా?"

"మంట నాకేం కొత్తనా బిడ్డా." గంగవ్వ దుప్పటి అంచు సవరించుకుంది. "ఇంటికి నలుగురొస్తున్నరంటె వాకిలి ఊడ్వమా? గా సీసా నీ ల్యాబుకు పోతది. నీ మేడమ్ చూస్తది, నీ తోటోళ్లు చూస్తరు. ఈ సారిక నాయినమ్మది గింత గలీజా అని నవ్వుకుంటరు. తెల్లకోటు ఏసుకుని పోయే పిల్లవు. నా వల్ల నీకు నామోషి ఎందుకని, ముందుగాల్నే జర సాఫ్ చేసుకున్న."

సారికకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమెకు ఆ రోజు ఆజీ ముఖం గుర్తొచ్చింది, మీ మేడమ్ గూడ చూసిందా అని రెండుసార్లు అడిగిన ముఖం. మనవరాలి పరువు కాపాడానని మురిసిపోయిన ఆ ముఖం చూసి, తనేమో జబ్బు లేదన్న సంతోషం అనుకుంది. ఆమె ఆజీ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. శంకర్రావు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఖాకీ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆమెను నాటకాలమ్మ అన్నది తనే.

గంగవ్వ మాత్రం మనవరాలి తల నిమురుతూ, ఏదో గుర్తొచ్చినట్టు భయంభయంగా అడిగింది.

"అవునే, ఈసారి రిపోర్ట్ ఎట్లొచ్చింది? గలీజుగనేనా?"

సారిక తలెత్తింది. ముక్కు ఎగబీల్చుకుంది.

"మస్తు గలీజుగ వచ్చింది ఆజీ. అందుకే నువ్వు దక్కినవ్."

గంగవ్వ ఆ మాటను కాసేపు నోట్లో గోలీలా అటూ ఇటూ తిప్పుకుంది. తర్వాత కొడుకు వైపు చూసి, "అయితె గా నీళ్లు ఇటియ్ రా శంకరూ" అంది. శంకర్రావు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తల్లి నోటికి అందించాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.